చెత్తగుట్ట మీద ఖో-ఖో కంబాలు

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక జూన్ నెలలో, నన్ను వరంగల్‌లో ఘన వ్యర్థాల విభాగానికి కార్యనిర్వాహక ఇంజనీరుగా బదిలీ చేశారు. కార్యనిర్వాహక ఇంజనీరును ఆఫీసు భాషలో ఈఈ అంటారు. ఈఈ కింద డీఈ, డీఈ కింద ఏఈ ఉంటారు. ఈఈ పైన ఎస్ఈ, అంటే పర్యవేక్షక ఇంజనీరు. ఆ పైన ఉండేవాళ్లను నేను ఎక్కువగా ఫోటోల్లోనే చూశాను.

ఉత్తర్వులో 'ఘన వ్యర్థాలు' అన్న మాట ఘనంగానే కనిపించింది. ఇంటికి వచ్చి చదివి వినిపిస్తే మా ఆవిడ, "అంటే చెత్తే గదా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కాదనడానికి లేదు. నా సర్వీసు మంచినీళ్ల పైపులతో మొదలై, మురుగు కాలువల మీదుగా సాగి, చివరికి చెత్త దగ్గరికి చేరింది. నా ఉద్యోగం ఏళ్లు గడిచేకొద్దీ పైకి పోయిందో కిందికి పోయిందో చెప్పడం కష్టం గానీ, వాసన మాత్రం క్రమం తప్పకుండా పెరుగుతూ వచ్చింది.

నాకు అప్పగించిన పని ఒక మూసేసిన డంపింగ్ యార్డును క్రీడా ఉద్యానవనంగా మార్చడం. నెక్కొండ వైపు పోయే రోడ్డు పక్కన, నగరం అంచున ఉండేది అది. ఊరి చెత్తంతా ఏళ్ల తరబడి అక్కడే పోశారు. పోయగా పోయగా అదొక గుట్టయింది. జనం దాన్ని చెత్తగుట్ట అన్నారు, బస్సు కండక్టర్లు కూడా అదే పేరుతో స్టేజీ పిలిచేవాళ్లు. చెత్త పోయడానికి వేరే చోటు దొరికాక ఈ గుట్టను మూసి, పైన నడక బాట, షటిల్ కోర్టు, పిల్లల ఆటస్థలం, ఖో-ఖో కోర్టు కట్టాలని నిర్ణయించారు. పార్కు పేరు ఏం పెట్టాలన్న విషయం మీద మూడు మీటింగులు జరిగాయి. జనం ఆ మీటింగులతో పని లేకుండా 'చెత్త పార్కు' అని ఖాయం చేశారు. పని పూర్తి కాకముందే నా పనితనానికి అంత సూటిగా విమర్శ రావడం అదే మొదటిసారి.

చెత్తగుట్టను మూయడమంటే పైన నాలుగు ట్రిప్పుల మట్టి పోసి చేతులు దులుపుకోవడం కాదు. ముందు గుట్టను పొక్లెయిన్లతో చెక్కి, నీళ్లు నిలవకుండా వాలు తీయాలి. దాని మీద బంకమట్టి పరిచి రోలరుతో తొక్కించాలి. ఆ పైన దళసరి ప్లాస్టిక్ షీటు వస్తుంది. కాగితాల మీద దాని పేరు జియోమెంబ్రేన్, సైటులో మాత్రం అందరూ నల్ల షీటు అంటారు. ఒక్కో షీటు అంచును పక్క షీటు అంచు మీదికి తెచ్చి వేడి యంత్రంతో అతుకుతారు. షీటు మీద బెత్తెడు కంకర, కంకర మీద అడుగున్నర మట్టి, మట్టి మీద గడ్డి. చూసేవాళ్లకు గడ్డే కనిపిస్తుంది, పని చేసేది షీటు. ఆఫీసుల్లో కూడా ఇట్లాంటి ఏర్పాటే ఉంటుంది కాబట్టి నాకిది సులభంగానే అర్థమైంది.

ఈ షీటు ఎందుకంటే, వాన నీళ్లు చెత్తలోకి దిగితే నల్లటి కషాయంలా మారి, కింద కాలనీ వాళ్ల బోర్లలోకి చేరుతాయి. దాన్ని లీచెట్ అంటాం. లోపల కుళ్లే చెత్త నుంచి పుట్టే గ్యాసు కూడా ఎక్కడపడితే అక్కడ పైకి రాకూడదు. దానికోసం నిలబెట్టిన పైపుల గుండానే రావాలి. షీటుకు చిల్లు పడితే నీళ్లు లోపలికి, గ్యాసు బయటికి. అందుకని మా డిజైన్ కన్సల్టెంట్లు ఒక నియమం రాశారు: జానెడు లోతుకు మించి ఎక్కడా తవ్వరాదు, పాతరాదు. దాన్ని అమలు చేసే బాధ్యత నాది.

నేను అమలు చేశాను. లైటు స్తంభాలు పాతుతామని వచ్చినవాళ్లను గుట్ట దిగువకు పంపాను. వేప మొక్కలు నాటుతామని వచ్చిన సంఘం వాళ్లను, వేళ్లు షీటును చీలుస్తాయని చెప్పి, బంతి మొక్కల దగ్గర ఒప్పించాను. సర్కారు నౌకరీలో ఉండి మొక్కలు నాటొద్దని చెప్పిన ఆఫీసరు ఈయనొక్కడే అని ఎస్ఈ గారు ఒక మీటింగులో నన్ను పరిచయం చేశారు. మా ఏఈలు నాకు 'గుంతొద్దు సారు' అని పేరు పెట్టారు. ఆ సంగతి నాకు తెలియదని వాళ్లు అనుకునేవాళ్లు.

ఇట్లా నడుస్తుండగా స్వరూప టీచర్ వచ్చారు.

గుట్ట కింది కాలనీలో ఒక సర్కారు ఆడపిల్లల హైస్కూలు ఉంది. స్వరూప గారు అక్కడ పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఆ కాలనీలో ఉండేది మరిపెడ, రఘునాథపల్లి, నెక్కొండ వైపు పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కూలి కుటుంబాలు. మగవాళ్లు హమాలీ పనికి, ఆడవాళ్లు మిర్చి తొడిమలు తీసే పనికి పోయేవాళ్లు. స్కూలుకు ఒకప్పుడు ఆటస్థలం ఉండేది. అదనపు తరగతి గదులు వచ్చి దాన్ని మింగేశాయి. ఆ పిల్లలు ఖో-ఖో బాగా ఆడతారు గానీ ఏటా జరిగే సెలక్షన్స్‌కు ఒక్కసారి కూడా పోలేదు. అవి ఎప్పుడూ దూరం ఊళ్లో, రాత్రి ఉండవలసిన చోట జరిగేవి. ఆడపిల్లలను రాత్రి బయటి ఊళ్లో ఉంచడానికి తల్లిదండ్రులు ఒప్పుకునేవాళ్లు కారు. పార్కు పూర్తయ్యాక, దసరా సెలవుల తర్వాత జరిగే సెలక్షన్స్‌ను ఇక్కడే పెట్టడానికి క్రీడల వాళ్లు సరేనన్నారు. షరతు ఒకటే: కోర్టు నిబంధనల ప్రకారం ఉండాలి, కంబాలతో సహా.

ఇంకో సంగతి కూడా ఉంది. మట్టి టిప్పర్లు తిరిగి ఇళ్లల్లోకి దుమ్ము లేస్తోందని కాలనీ వాళ్లు ఒకసారి రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. అప్పుడు వాళ్లను లేపింది పోలీసులు కాదు, స్వరూప టీచరే. మన పిల్లలకు ఖో-ఖో గ్రౌండ్ వస్తుందని చెప్పి లేపారు. ఆమె మాట మీద మా టిప్పర్లు నడిచాయి.

ఖో-ఖో తెలియనివాళ్ల కోసం ఒక మాట. కోర్టు రెండు చివర్ల రెండు కర్ర కంబాలు ఉంటాయి, నడుము పైకి వచ్చేంత ఎత్తు. తరిమే ఆటగత్తె, తన జట్టువాళ్లు కూర్చున్న నడిమి వరుసకు ఒక పక్క పరుగెత్తుతూ పోయి, కంబాన్ని పట్టుకొని గిర్రున తిరిగి రెండో పక్కకు వస్తుంది. ఆటంతా ఆ మలుపులోనే ఉంది. కాబట్టి కంబం గట్టిగా ఉండాలి. గట్టిగా ఉండాలంటే లోతుగా పాతాలి. లోతుగా పాతితే షీటు.

నేను ఆమెకు డ్రాయింగు చూపించాను. అందులో ఖో-ఖో కోర్టు చక్కటి దీర్ఘచతురస్రం, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె చాలాసేపు చూసి అడిగారు.

"సార్, గిది ఖో-ఖో కోర్టా, వడ్లు ఎండబోసుకునే కల్లమా?"

కంబాలు పెట్టడానికి వీల్లేదని, షీటు గురించి, లీచెట్ గురించి, గ్యాసు గురించి ఓపికగా వివరించాను. ఆమె అంతకన్నా ఓపికగా విన్నారు.

"మరి కంబం లేకుంటె పోరి యాడ మల్గాలె సార్?"

కంబం ఉండవలసిన చోట సున్నంతో గుండ్రంగా గీయిస్తానన్నాను.

"సున్నం పట్టుకోని మల్గుతదా?"

షటిల్ కోర్టు పెద్దది చేయిస్తానన్నాను. ఆమె డ్రాయింగు మడిచి నా చేతికి ఇచ్చి, "షటిల్ మీరు ఆడుండ్రి సార్, జర పొట్ట తగ్గుతది" అని లేచారు. అంతటితో ఆ కోర్టులో నా వాదన ముగిసింది. వాయిదా కూడా దొరకలేదు. అయినా ఆమె గొడవ చేయలేదు, ఎవరికీ ఫిర్యాదు పెట్టలేదు. నియమం నియమమే కాబట్టి నేను కూడా ఆ ఫైలును పక్కన పెట్టాను. చెయ్యడానికి వీల్లేని పనుల ఫైళ్లు ఎప్పుడూ పలచగా, చక్కగా ఉంటాయి.

మరుసటి ఏడు వానలు తగ్గుముఖం పట్టాక ప్రారంభోత్సవం ఖాయమైంది. పెద్దవాళ్లు వస్తున్నారంటే వేదిక, కుర్చీలు, షామియానా ఉండాలి. టెంట్‌హౌస్ యాదగిరికి పని చెప్పారు. వరంగల్‌లో పెళ్లయినా, పదకొండో రోజయినా, ప్రారంభోత్సవమయినా షామియానా ఒక్కటే, కింద కూర్చునేవాళ్ల ముఖాలే వేరు. యాదగిరి మనిషి మంచివాడు, పనిలో వేగం ఎక్కువ. ఆ వేగమే నా మీదికి వచ్చింది.

ముందు రోజు పొద్దున నేను సైటుకు పోయేసరికి వేదిక చుట్టూ ఇనుప గూటాలు వరుసగా దిగబడి ఉన్నాయి. షామియానా తాళ్లు కట్టడానికి కొట్టేవి అవి, ఒక్కొక్కటి రెండడుగుల పొడవు. అడుగున్నర మట్టిలోకి రెండడుగుల గూటం పోతే మిగతా అరడుగు ఎక్కడికి పోయిందో లెక్క వేయడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కరలేదు. నేను పరుగెత్తాను. ఆ వయసులో, ఆ శరీరంతో నేను పరుగెత్తడం చూసి పనివాళ్లు సుత్తులు ఆపేశారు. సుత్తులు ఆపమని చెప్పడానికే పరుగెత్తాను కాబట్టి ఆ మేరకు పని జరిగింది.

ఒక గూటం పీకించాను. గుంతలో నుంచి సన్నగా బుస్సుమని చప్పుడు, వెంటనే మురిగిన కోడిగుడ్ల వాసన.

"ఏంది సార్ గిది, గ్రౌండ్ ఊపిరి ఇడుస్తాంది?" అని యాదగిరి రెండడుగులు వెనక్కి వేశాడు.

గేటు దగ్గర బోర్డు చూడలేదా అని అడిగాను. 'ఈ ప్రదేశంలో తవ్వుట నిషేధం' అని ఎర్ర అక్షరాలతో రాయించిన బోర్డు అది. మాటలు నేనే కూర్చాను.

"చూసిన సార్. చూసే పారలు, గడ్డపారలు ఆటోలనే ఇడిసిపెట్టిన. మేం తవ్వలే, కొట్టినం."

యాదగిరి బోర్డును పూర్తిగా పాటించాడు.

షీటు చిల్లు మూయడం ఇట్లా ఉంటుంది. గూటం ఉన్న చోట మట్టిని, కంకరను చేత్తో తీయాలి, యంత్రం వాడకూడదు. షీటు కనిపించాక గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. చుట్టూ జానెడు ఎక్కువ వచ్చేట్టు గుండ్రటి షీటు ముక్క కోసి, వేడిగాలి తుపాకీతో అతకాలి. అతుకు మీద సబ్బు నీళ్లు పోసి, పైన గాజు మూత ఉన్న పెట్టెను బోర్లించి, లోపలి గాలిని పీల్చాలి. బుడగ లేస్తే అతుకు కారుతున్నట్టు, లేవకపోతే పాసయినట్టు. దీన్ని వ్యాక్యూమ్ బాక్స్ పరీక్ష అంటారు. మా ఏఈ, షీటు ఏజెన్సీ వాళ్లు మోకాళ్ల మీద కూర్చొని ఒక్కో చిల్లు దగ్గర ఈ తతంగం మొదలుపెట్టారు. చుట్టుపక్కల బీడీ వెలిగించకుండా నేను కాపలా కాశాను. ఈఈ హోదాకు తగిన పని దొరికింది.

సరిగ్గా అప్పుడే స్వరూప టీచర్ పిల్లలను వెంటబెట్టుకొని వచ్చారు. మరునాటి స్వాగతానికి వాళ్లను ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవడానికి. ఆమె పీకిన గూటాల కుప్పను చూశారు, మోకాళ్ల మీదున్న ఏఈని చూశారు, తర్వాత నన్ను చూశారు.

"వీళ్లెవరు సార్, మీ చుట్టాలా?"

కాదు, పొరపాటున కొట్టారని చెప్పాను.

"మేం అడిగి ఆగినం. వీళ్లు అడగకుంట కొట్టిన్రు. ఇగ మంచోళ్లెవరో మీరే చెప్పుండ్రి."

యాదగిరి తలవంచుకొని, "టీచరమ్మా, నీకు అడ్డం వడ్తనని నాకేం తెల్సు" అన్నాడు. ఆమె నన్నే చూస్తున్నారు. ఆడపిల్లలు కూడా నన్నే చూస్తున్నారు. సెలక్షన్స్ ఎక్కడ పెట్టాలో క్రీడల వాళ్లు తేల్చుకునే గడువు దగ్గర పడింది. కంబాలు లేవంటే మళ్లీ దూరం ఊరే, మళ్లీ ఈ పిల్లలు ఇంట్లోనే.

ముందు షామియానా సంగతి చూడాలి. సీసీ రోడ్డు మీద పెళ్లిళ్లకు టెంటు ఎట్లా వేస్తావని యాదగిరిని అడిగాను. ఇసుక నింపిన డ్రమ్ములకు తాళ్లు కడతానన్నాడు. మరి ఇక్కడ ఆ పని ఎందుకు చేయలేదంటే, ఇది మట్టి కదా అన్నాడు. అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంది. మట్టికి గూటం, సిమెంటుకు డ్రమ్ము. మధ్యాహ్నానికి డ్రమ్ములు వచ్చాయి.

స్వరూప టీచర్ ఒక డ్రమ్ము దగ్గరికి పోయి చేత్తో తట్టారు.

"యాదన్నా, దీంట్ల ఒక కంబం నిలవెడ్తవా?"

యాదగిరి ఇసుకలో ఒక వెదురు గుంజను గుచ్చి, చుట్టూ దిమ్మిస చేసి నిలబెట్టాడు. నేను వద్దన్నాను. ఖో-ఖోలో కంబం మీద పడేది పక్కకు లాగే బలం, డ్రమ్ము అడుగు చిన్నది, పిల్ల వేగంగా వచ్చి తిరిగితే డ్రమ్ముతో సహా పడుతుందని చెప్పాను. దీన్ని మా భాషలో ఓవర్‌టర్నింగ్ మొమెంట్ అంటారని కూడా చెప్పాను.

"అట్లనా. పడ్తదో పడదో చూద్దాం" అన్నారు టీచర్. ఒక పిల్ల ముందుకు రాబోతే ఆపేశారు. "పోరలకు ఎందుకు సార్, దెబ్బ తాకుతది. మీరే ఒక్కపారి తిరుగుండ్రి."

వెనకడుగు వేసే వీలు లేకుండా పోయింది. బూట్లు బిగించుకొని, పదడుగుల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, గుంజను పట్టుకొని తిరిగాను. సిద్ధాంతం అక్షరాలా రుజువయింది. గుంజ, డ్రమ్ము, నేను, ఆ వరుసలోనే నేలకు వచ్చాం. పిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ నవ్వులు ఆగలేదు. యాదగిరి మాత్రం నా బోర్డును అప్పటికి బాగా వంట పట్టించుకున్నట్టున్నాడు.

"జర మెల్లగ పడాలె సార్, కింద షీటున్నది" అన్నాడు.

ఒళ్లు దులుపుకొని లేచాక గమనించిన విషయం ఒకటుంది. నేను పడింది బరువు చాలక కాదు, బరువు విషయంలో నాకు లోటేమీ లేదు. అడుగు వెడల్పు చాలక. డ్రమ్ము ఎత్తుగా, ఇరుకుగా ఉంది. అదే బరువు నేలకు అంటుకొని వెడల్పుగా పరుచుకుంటే, తిప్పినా లేవదు. రెండో విషయం, నిబంధన జానెడుకు మించి కిందికి పోవద్దంటోంది. పైకి పోవద్దని ఎవరూ అనలేదు. ఏడాది పాటు ఆ కోర్టును నేను కిందికే చూశాను.

ఆ వారంలోనే కొత్త డ్రాయింగు గీశాను. ఇనుప ఛానళ్లతో కూడిక గుర్తు ఆకారంలో ఒక చట్రం, ఒక్కో చేయి మనిషి పొడవుంటుంది. దాన్ని ఉన్న గడ్డి మీదే పడుకోబెట్టాలి, తవ్వకూడదు. చట్రం నడుమ ఒక మందపాటి పలక, పలక మీద నాలుగు బోల్టులతో బిగించిన కంబం. అట్లాంటివి రెండు చివర్ల రెండు. తర్వాత మొత్తం కోర్టును మొరంతో, అంటే గరుకు ఎర్రమట్టితో, ఒక అడుగు ఎత్తు లేపి, పొరలు పొరలుగా తడిపి, చిన్న రోలరుతో తొక్కించాలి. చట్రాలు మొరం కింద అణిగిపోతాయి. కంబాన్ని ఎంత గుంజినా, దాన్ని లేపాలంటే మొరాన్ని కూడా లేపాలి. బోల్టులు పూర్తిగా కప్పెట్టకుండా వాటి మీద మూత ఉన్న చిన్న పెట్టె పెట్టాను. చెత్తగుట్ట ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, అది కూడా ఒక్కో చోట ఒక్కో తీరుగా. కుంగినప్పుడల్లా కంబం వాలుతుంది. వాలిన పక్క నట్టు తిప్పి నిలబెట్టడానికే ఆ పెట్టె.

మంజూరైన డ్రాయింగు నుంచి పక్కకు జరిగితే డీవియేషన్ స్టేట్‌మెంట్ రాయాలి. ఏం మారుస్తున్నాం, ఎందుకు మారుస్తున్నాం, మారిస్తే ఏం నష్టమో చెప్పే కాగితం. దాన్ని పట్టుకొని ఎస్ఈ గారి దగ్గరికి పోయాను. ఆయన మొదటి ప్రశ్న సరైనదే. కుంగుతున్న గుట్ట మీద ఇంకో అడుగు మొరం బరువు ఎక్కిస్తే షీటు సాగి చిరగదా అని. బరువు ఒకచోట పడకుండా కోర్టంతా సమానంగా పరుచుకుంటుందని, అంచులకు వాలు ఇస్తున్నామని, షీటు సాగే పరిమితిలో అది కొంతేనని లెక్కలు చూపించాను. ఆయన ఆ లెక్కలు కన్సల్టెంట్లకు పంపారు. వాళ్లు రెండు ప్రశ్నలు వేసి ఒప్పుకున్నారు. కన్సల్టెంట్లు ప్రశ్నలు వేయకుండా ఒప్పుకుంటే వాళ్లకు ఫీజు ఎందుకన్న అనుమానం వస్తుంది కదా.

ఎస్ఈ గారు సంతకం పెడుతూ తలెత్తకుండానే, "డ్రమ్ముల పద్ధతి పనికిరాదని కార్యనిర్వాహక ఇంజనీరు స్వయంగా పరీక్షించి నిర్ధారించారు అని ఒక వాక్యం చేర్చు" అన్నారు. నేను పడిన సంగతి గుట్ట నుంచి హన్మకొండ ఆఫీసుకు నాకన్నా ముందే చేరింది. వాక్యం చేర్చాను. నా సర్వీసులో నేను రాసిన సాంకేతిక వాక్యాల్లో అంత బలమైన ఆధారం ఉన్నది అదొక్కటే.

ప్రారంభోత్సవం డ్రమ్ముల మధ్య బాగానే జరిగింది. ఆ తర్వాత కోర్టు పని నడిచింది. కంబాలు నిలబడిన రోజు స్వరూప టీచర్ వచ్చి ఒక్కొక్క పిల్లతో నాలుగైదు సార్లు తిప్పించారు. అందరూ తిరిగాక నా వైపు చూశారు. ఈసారి అడగకముందే నేను షటిల్ కోర్టు తనిఖీకి పోయాను.

దసరా సెలవుల తర్వాత సెలక్షన్స్ ఆ పార్కులోనే జరిగాయి. పొద్దున్నే వచ్చిన రిఫరీ రెండు కంబాలకూ బబుల్ లెవెల్ పెట్టి చూశాడు. తూర్పు కంబం వేలెడంత వాలింది. కొత్త మొరం బరువుకు ఆ చివర కొంచెం కుంగినట్టుంది. ఇట్లయితే ఆడించలేనన్నాడు. స్వరూప టీచర్ పిల్లలను కంబం దగ్గర నుంచి వెనక్కి జరిపారు. మా ఏఈ పెట్టె మూత తీశాడు, నేను పానా పట్టుకొని కూర్చున్నాను. వాలిన పక్క నట్టు కింది నుంచి బిగించి, ఎదురు పక్కది వదులు చేసి, లెవెల్ పెట్టి, మళ్లీ బిగించి, ముగించేసరికి రిఫరీ టీ తాగడం అయిపోయింది. ఆయన మళ్లీ లెవెల్ పెట్టి తలూపాడు.

కాలనీ తల్లులు చాలామంది కోల్డ్ స్టోరేజీ దగ్గర మిర్చి పని నుంచి నేరుగా వచ్చారు. వాళ్ల చీరెల కారానికి ముందు వరుసలో కూర్చున్న క్రీడల అధికారులు ఆటంతా తుమ్ముతూనే ఉన్నారు. కుర్చీలు వెనక్కి జరిపితే తల్లులు కూడా వెనక్కి జరిగారు, పెద్దసార్ల పక్కన కూర్చుంటే బాగా కనిపిస్తుందని. రాత్రికి ఇంట్లో ఉండే ఆట కాబట్టి ఒక్క పిల్ల కూడా ఆగిపోలేదు. దూరం ఊళ్ల నుంచి వచ్చిన జట్ల మధ్య, తమ కాలనీ పక్కనే, తమ తల్లుల ముందు ఆడారు.

ఆడి, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు. తేడా కూడా తక్కువేమీ కాదు. పిల్లలు కంబాల దగ్గర బాగానే తిరిగారు గానీ, పెద్ద జట్లతో ఆడిన అలవాటు లేక నడిమి వరుసలో తడబడ్డారు. నేను టీచర్ దగ్గరికి పోయి, అయ్యో ఓడిపోయారే అన్నాను. ఆమె పిల్లలకు నీళ్లు అందిస్తూ నా వైపు తిరగకుండానే అన్నారు.

"ఓడినం సార్. గని ఆడి ఓడినం. ఇన్నేండ్లు ఆడకుంటనే ఓడినం."

తర్వాతి ఏడు సెలక్షన్స్ కూడా అక్కడే పెట్టమని ఆమె ఆ సాయంత్రమే క్రీడల అధికారిని పట్టుకున్నారు. ఆయన ఇంకా తుమ్ముతున్నాడు, కాదనే ఓపిక లేకపోయింది.

నేను బాధ్యతలు అప్పగించేటప్పుడు ఆ పార్కు నిర్వహణ నియమాలను తిరగరాశాను. వెనకటి నియమాల్లో ఏవి చేయకూడదో మాత్రమే ఉండేది. నేను ప్రతి దాని కింద, దానికి బదులు ఏం చేయాలో ఒక బొమ్మ గీయించాను. గూటం కొట్టరాదు, డ్రమ్ము ఇట్లా పెట్టాలి. చెట్టు నాటరాదు, ఈ ఎత్తు తొట్టిలో ఈ మొక్క పెట్టాలి. కంబం పాతరాదు, చట్రం ఇట్లా పరచాలి, వానాకాలం పోయాక నట్లు ఇట్లా తిప్పాలి. మూసేసిన చెత్తగుట్ట పూర్తయిన పని కాదు, కుంగుతున్నంత కాలం అది నడుస్తున్న పనే. దాని మీద మనుషులు టెంట్లు వేస్తారు, ఆటలాడతారు, మొక్కలు నాటుతారు. వద్దు అని రాయడం ఇంజనీరు పనిలో సగమే. ఆ వద్దులో ఎట్లా మసలాలో గీసి ఇవ్వడం మిగతా సగం. ఆ సగం మనం ఎగ్గొడితే, అడిగే అలవాటున్నవాళ్లు ఆట మానుకొని కూర్చుంటారు, అడిగే అలవాటు లేనివాళ్లు గూటం కొడతారు.